లక్ష్మివారం బండి

కుష్ఠు ఆసుపత్రిలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా చేశానని చెప్పగానే మీ వయసువాళ్లు ముఖం మెత్తగా పెట్టి, "ఎంత సేవ చేశారండీ" అంటారు. సేవా లేదు, గీవా లేదు. జీతం తీసుకున్నాను, పని చేశాను. ఆ పనిలో కూడా ఒక చలికాలమంతా రోగుల ముందు కాదు, ఒక పాత పికప్ బండి బానెట్ ముందు నిలబడి తిట్టుకోవడంతోనే గడిచిపోయింది. నా ఉద్యోగంలో మరిచిపోలేనిది ఏదని అడిగారు కాబట్టి ఆ సంగతే రాస్తున్నాను. స్ఫూర్తి కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

డెబ్భైల మొదట్లో మాట. మా మిషన్ ఆసుపత్రి చోడవరం ఊరి బయట, చెరకు తోటల మధ్య ఉండేది. విశాఖపట్నంలో ఫిజిక్సు చదివిన పిల్లకి కుష్ఠు ఆసుపత్రిలో ఏం పని అని మా చుట్టాలు చాలాకాలం నన్ను సతాయించారు. ఉద్యోగం ఇచ్చారు, చేరాను. అంతకుమించి కథేమీ లేదు.

ప్రతి లక్ష్మివారం, అంటే మీరు గురువారమనే రోజు, మాడుగుల దాటాక కొండల దిగువన రోడ్డు పక్కనే మా క్లినిక్కు. ఒక మడత బల్ల, మందుల పెట్టెలు, పుండ్లు కడిగే సరంజామా, నేను. చుట్టుపక్కల పల్లెల రోగులు నడిచి వచ్చి వారానికి సరిపడా మాత్రలు తీసుకువెళ్లేవారు. మాత్రలు ఇవ్వడం సులువు. చెప్పిందే చెప్పడం కష్టం. జబ్బు వల్ల చేతులకి స్పర్శ పోతుంది. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, మొరటు కర్ర పట్టుకున్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి దెబ్బని పట్టించుకోరు. అది పుండై, లోపలికి పాకి, చివరికి వేళ్లే పోతాయి. "చేతికి తెలీనప్పుడు కంటితో చూసుకోండి, బరువులు తొయ్యకండి, వేడివి గుడ్డతో పట్టుకోండి" అని ప్రతి వారం అరిచేదాన్ని. అవును, అరిచేదాన్నే. మెల్లగా చెప్పి చూశాను, ఎవరూ వినలేదు.

వాళ్లనే చోడవరం రమ్మనొచ్చు కదా అంటారా? బస్సు కండక్టరు ముందు చేతులు చూసేవాడు, తరవాతే టికెట్టు. చూశాడంటే దింపేసేవాడు. అందుకే బండి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. వెళ్లకపోతే మాత్రలు లేవు. మాత్రలు ఆగితే అణిగిన జబ్బు మళ్లీ లేస్తుంది. ఇంత ముఖ్యమైన పని మొత్తం ఆ పికప్ మీద ఆధారపడి ఉంది. ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే క్యాబిన్, వెనక రేకు తొట్టి. ఎప్పుడో దొరలు వదిలేసి వెళ్లిన బండి.

దాని డ్రైవరుది కె.కోటపాడు దగ్గర పల్లె. నాకంటే చాలా పెద్ద, మా సంఘంలో పెద్దమనిషి. ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం ఎంత భక్తిగా పట్టుకునేవాడో, మిగతా రోజుల్లో స్టీరింగూ అంతే భక్తిగా పట్టుకునేవాడు. అతను కాక బండిలో ఇంకొకతను వచ్చేవాడు. మాడుగులలో ఒకప్పుడు బట్టలు కుట్టిన మనిషి. జబ్బు నయమైంది కానీ వేళ్లలో స్పర్శ తిరిగి రాలేదు. సూది పట్టుకునే పని పోయాక మా దగ్గరే పెట్టెలు దించే పనిలో చేరాడు. అందరూ దర్జీ అనే పిలిచేవారు.

ఆ ఏడు క్రిస్మస్ వెళ్లిన తరవాత మొదటి లక్ష్మివారం డ్రైవరు ఇంజనుని తిప్పి లేపే సెల్ఫ్ బటన్ నొక్కితే 'కటక్' మని ఒక్క చప్పుడు వచ్చింది. ఇంజను కదల్లేదు. మళ్లీ నొక్కితే మళ్లీ కటక్. కాంపౌండులో ఉన్న నలుగురినీ పిలిచి తోయిస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

బ్యాటరీ అన్నాను నేను. ఫిజిక్సు చదివినదాన్ని, ఆ మాత్రం తెలియదా అని. డ్రైవరు బ్యాటరీ కాదన్నాడు. వాదించి గెలిచాను. ఊళ్లో ఛార్జింగు పెట్టించి తెస్తే ఒక్క నొక్కుకే లేచింది. ఆ సాయంత్రం కాంపౌండులో ఎదురైన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పాను. మర్నాడు కటక్.

ఇక మెకానిక్ వంతు. ఊళ్లోని మెకానిక్ సెల్ఫ్ మోటారుదే తప్పన్నాడు. దాన్ని విప్పి షాపుకి పట్టుకుపోయి, లోపల అరిగిన బొగ్గు ముక్కలు మార్చి, మా కళ్ల ముందే బ్యాటరీకి తగిలించి చూపించాడు. బొంగరంలా తిరిగింది. తెచ్చి బండిలో బిగిస్తే మళ్లీ కటక్. మళ్లీ విప్పాడు, మళ్లీ షాపులో తిరిగింది, మళ్లీ బండిలో తిరగలేదు.

"నా షాపులో గిరగిరా తిరిగిందమ్మా. మీ బండిలోకెల్తే మొండికేస్తంది. నన్నేటి సెయ్యమంటారు?" అన్నాడు.

"షాపునే బండిలో బిగించు" అన్నాను.

"అమ్మగారు సదువుకున్నోలు. ఆల్లే సెప్పాలి" అని డ్రైవరుతో అన్నాడు, నేను అక్కడ లేనట్టు.

అది చెరకు ఆడే కాలం. ఫ్యాక్టరీకి పోయే ఎడ్లబళ్లు రోడ్డంతా వరసగా నిలబడి ఉండేవి. ఒక లక్ష్మివారం ఆ వరస మధ్యలో దారి కోసం ఆగితే మా ఇంజను ఆరిపోయింది. ముందు చెరకు, వెనక చెరకు, మధ్యలో మేము. ఒక బండివాడు కాడి మీద కూర్చుని, "ఏటి బాబూ, మా ఎడ్లని కట్టమంటావా?" అని డ్రైవరుని అడిగాడు. చుట్టూ నవ్వులు. పాపం, డ్రైవరు తల దించుకున్నాడు.

"మీ ఎడ్లకి లైసెన్సు ఉందా?" అని నేను అడిగాను.

"ఎడ్లకి లైసెన్సేటమ్మా!"

"లేకపోతే నోరు మూసుకుని దిగి తొయ్యి."

దిగాడు, తోశాడు. అక్కడంటే బండివాళ్లున్నారు. క్లినిక్కు దగ్గర తోసేవాళ్లెవరు? మా రోగులే. మాత్రలు పంచి, చేతుల గురించి ఉపన్యాసం చెప్పి, పెట్టెలు సర్ది బండెక్కేదాన్ని. డ్రైవరు బటన్ నొక్కేవాడు. కటక్. అప్పటిదాకా బుద్ధిగా విన్న చేతులన్నీ వెనక తొట్టి రేకు మీద పడేవి. అదేమో అంచులు లేచిన రేకు.

"చేతులు తియ్యండి! ఇంతసేపూ నేనేం చెప్పాను?" అని కిందికి దూకేదాన్ని.

ఒక ముసలాయన, మాట పడనివాడు, ఒకసారి నా ముఖం మీదే అనేశాడు: "నువ్వు తొయ్యొద్దంటావు. బండేమో తొయ్యమంటాది. ఎవుల మాట ఇనాలి?"

తరవాతి వారం వచ్చినప్పుడు నాలుగైదు అరచేతుల్లో కొత్త కోతలు కనపడ్డాయి. నేనే కడిగాను. వాళ్లకి నొప్పి లేదు. నాకే ఒళ్లు మండింది.

మా డాక్టరుకి ఇవేవీ పట్టలేదు. ఆయన ఆసుపత్రికి సూపరింటెండెంటు, కత్తి పట్టుకుంటే మంచి చెయ్యి, కాదనను. కానీ ఆయన మనసు జీపు మీద పడింది. పికప్‌ని కండెమ్ చేస్తే, అంటే పనికిరాదని రాసేస్తే, కొత్త జీపు ఇస్తామని విశాఖపట్నంలో మిషన్ సెక్రటరీ మాటిచ్చాడు. బండి ఎంత మొరాయిస్తే డాక్టరు ముఖం అంత వికసించేది.

"జీపు ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగాను.

"వస్తుంది. వానల్లోపు వస్తుంది."

"అంతవరకూ క్లినిక్కు?"

"ఆపుదాం. ఏం, నాలుగు నెలలు వాళ్లు రాలేరా?"

"బస్సెక్కనిస్తే వస్తారు సార్. మీరు కండక్టరుకి చెప్తారా?"

"నువ్వు ప్రతిదానికీ వాదిస్తావమ్మా."

"ప్రతిదానికీ కాదు సార్. తప్పుకి మాత్రమే."

ఆయన గది తలుపు చూపించాడు. జీపు వచ్చినా అది ఎవరి వాకిట్లో నిలబడుతుందో, ఎవరి పిల్లల్ని స్కూలుకి దింపుతుందో నాకు తెలియనిది కాదు. పైగా డ్రైవరు ముసలివాడైపోయాడు, బండిని పాడుచేశాడు, జీపుకి వేరే మనిషిని చూసుకోవాలి అని కూడా ఆయన అప్పటికే పైకి చెప్పేశాడట. డ్రైవరుకి ఆ మాట చేరింది. అప్పటినుంచి బానెట్ తుడవడం ఎక్కువైంది.

సెక్రటరీ పికప్‌ని స్వయంగా చూసి నిర్ణయిస్తానన్నాడు. వచ్చే రోజు లక్ష్మివారమే పడింది. క్లినిక్కుకి బయల్దేరే వేళకి బండి స్టార్టు కాకపోవడం ఆయన కళ్లారా చూడాలని డాక్టరు ఏర్పాటు. నేను మందుల గదిలో పెట్టెలు సర్దుతూ, ఇక ఇవి చివరిసారి సర్దుతున్నాననుకుని, కనపడ్డ సీసానల్లా ఠపీఠపీమని పెడుతున్నాను.

దర్జీ చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్ల మీద కాలిన మచ్చ. ముందువారం కూడా అక్కడే బొబ్బలెక్కింది. మానుతున్న దాని మీదే మళ్లీ కొత్తది. నా కోపం వెళ్లగక్కడానికి మనిషి దొరికాడు.

"బీడీ మానమని నీకెన్నిసార్లు చెప్పాలి?"

"నాను బీడీ కాల్చనమ్మా. బాప్తీసం తీసుకున్నకాడ్నించీ ముట్టలేదు."

"మరి ఇదేమిటి? దేవదూత వచ్చి వాత పెట్టాడా?"

"నాకేటి తెలస్తాదమ్మా. తెలిస్తే వాత పడకపోను."

ఆ జవాబుకి నేను చెయ్యి దగ్గరికి లాక్కుని చూశాను. బీడీ కాలితే వేళ్ల సందులో కాలుతుంది. ఇది వేళ్లు ముడిచిన చోట, లోపలివైపు, రెండు వేళ్లకీ అడ్డంగా ఒకే గీత. గిన్నె అంచు ఇంత సన్నగా ఉండదు. పొయ్యిలో కర్ర ఇంత తిన్నగా ఉండదు. ఇది తీగ.

"నిన్న ఏం పట్టుకున్నావు? గుర్తు చేసుకో."

"ఏటి పట్టుకుంటాను... పెట్టెలు దింపేను. తరవాత డ్రైవరు బాబు సెల్ఫ్ కొడతంటే సోకు లాగి పట్టుకున్నాను. వదిలేస్తే లోనకెల్లిపోతాది కదా."

చోక్ అంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించడానికి డ్రైవరు ముందు పలకలోంచి లాగే తీగ. మా బండిలో దాని పిడి ఎప్పుడో విరిగిపోతే, తీగ కొసనే కొక్కెంలా వంచి వాడుతున్నారు. ఆ కొక్కెం పట్టుకునే ఉద్యోగం దర్జీది. ముందువారం కూడా అతనిదే.

సీసా ఎక్కడ పెట్టానో గుర్తులేదు. షెడ్డుకి పరుగెత్తాను. డ్రైవరు బైబిల్ ముందు పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. పక్కన ఎక్కి కొక్కెం లాగి పట్టుకున్నాను.

"సెల్ఫ్ నొక్కండి."

"ఎందుకమ్మా, సెక్రటరీగారు వొచ్చేక ఎలాగూ..."

"నొక్కండీ!"

కటక్. పట్టుకున్నాను. కటక్. మూడోసారికి కెవ్వుమని వదిలేశాను. తీగ పెనంలా కాలింది. పలక కింద తొంగిచూస్తే తీగ మీది తొడుగు సన్నగా పొగ కక్కుతోంది. ఇన్ని వారాలు ఆ తీగని పట్టుకున్న మనిషికి అది తెలియదు. తెలిసే మా చేతులు దాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు.

"చోక్ తీగలో కరెంటు పోతోంది" అన్నాను, వేళ్లు నోట్లో పెట్టుకుని.

"సోకుకి కరెంటేటమ్మా? అది వట్టి ఇనప తీగ."

మీకు ఈ ఒక్క ముక్క చెప్పక తప్పదు. బ్యాటరీలోంచి సెల్ఫ్ మోటారుకి వెళ్లిన కరెంటు మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. మోటారు ఇంజనుకి బిగించి ఉంటుంది. ఇంజనేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. అందుకని ఇంజను నుంచి బండి చట్రానికి తిరుగుదారిగా జడలా అల్లిన ఒక రాగి పట్టీ బిగిస్తారు. ఆ దారి మూసుకుపోతే కరెంటు దొరికిన సందులోంచి దూరుతుంది. మా బండిలో దొరికిన సందు చోక్ తీగ. అంత కరెంటు అంత సన్న తీగలో పట్టక, తీగ కాలింది, సెల్ఫ్ తిరగలేదు. తోస్తే సెల్ఫ్‌తో పని లేదు కాబట్టి ఇంజను లేచేది. మెకానిక్ షాపులో రాగి పట్టీ అవసరమే లేదు కాబట్టి అక్కడ మోటారు తిరిగేది. ఛార్జింగు పెట్టించిన రోజు మాత్రం నిండు బ్యాటరీ బలంతో ఆ సన్న దారిలోంచే ఎలాగో నెట్టుకొచ్చింది.

"ఇంజను నుంచి చట్రానికి రాగి పట్టీ ఉండాలి. ఎక్కడ?"

"ఉంది. నానే బిగించేను. పిడుగు పడ్డా కదల్దు."

"విప్పండి."

"బాగున్నదాన్ని విప్పడం ఏటమ్మా?"

"ఎప్పుడు బిగించారు?"

"క్రిస్మస్ ముందు. రంగేసినప్పుడు."

రంగులోంచి కరెంటు పోదు. మా కాంపౌండులో ఒక ఆచారం ఉండేది. క్రిస్మస్‌కి ఎవరి పనిముట్టుకి వాళ్లు రంగు వెయ్యాలి. తోటమాలి తన నీళ్ల డబ్బాలకి, వంటావిడ గంజి బల్లకి, డ్రైవరు బండికి. ప్రభువు పుట్టినరోజుకి పాతది ఏదీ పాతగా కనపడకూడదట. చర్చి కిటికీలకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు అందరికీ పంచేవారు.

"పైన వేస్తే సరిపోదా? కిందెందుకు వేశారు?"

"పైనే ఏసి లోన ఒగ్గేస్తే దేవుడికి కనపడదేటమ్మా?"

దీనికి ఏ కాలేజీలోనూ సమాధానం చెప్పలేదు. అతను పట్టీ విప్పి, అది ఆనే చోట చట్రానికీ ఇంజనుకీ కూడా రంగు వేసి, బోల్టులకి వేసి, ఆరనిచ్చి, మళ్లీ పట్టీ దాని మీదే బిగించాడు. ఒకసారి కాదు, నున్నగా వచ్చేదాకా వేశాడట.

విప్పనన్నాడు. దేవుడి కోసం వేసిన రంగు గీకడం తప్పన్నాడు. అటు వరండా ముందు సెక్రటరీ కారు తలుపు పడిన చప్పుడు వినపడింది. డాక్టరు నవ్వు కూడా.

"డ్రైవరుగారూ, లక్ష్మివారం రోగుల దగ్గరికి వెళ్లేది ఎవరి పని?"

"ప్రభువు పనే."

"ఆయన పనికి ఆయన రంగే అడ్డొస్తే ఏది ఉంచమంటాడు?"

అతను ఒక్క క్షణం నన్ను కోపంగా చూశాడు. తరవాత స్పానరు తీసుకుని బండి కిందికి దూరాడు. పట్టీ ఊడి వచ్చింది. దాని కింద పచ్చగా, గాజుపెంకులా, గోరు కూడా దిగనంత మందంగా రంగు. నేను డ్రెస్సింగు గదిలోంచి బ్లేడు తెచ్చాను. అతను కింద గీకాడు, నేను బోల్టులు గీకాను, దర్జీ మరలు జారిపోకుండా ఒక పళ్లెంలో పట్టుకున్నాడు. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, బిగించి, లేచేసరికి సెక్రటరీ, డాక్టరు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు.

"చూడండి సార్, రోజూ ఇదే అవస్థ" అన్నాడు డాక్టరు, నా చీర మీది ఆకుపచ్చ పొట్టు చూస్తూ. "ఏదీ, స్టార్టు చెయ్యవయ్యా."

డ్రైవరు కళ్లు మూసుకుని నొక్కాడు. కటక్ లేదు. ఇంజను గుర్రుమని తిరిగి, లేచి, నల్లపొగ ఒకటి డాక్టరు తెల్లకోటు మీదికి వదిలింది.

సెక్రటరీ డాక్టరు వైపు తిరిగాడు. "బాగానే ఉందే?"

"ఇవాళే సార్ ఇలా. నిన్నటిదాకా కదల్లేదు. ఏం చేశారో..."

"రంగు గీకాం సార్" అన్నాను. సంగతంతా చెప్పాను.

"రంగా? ఎవరు వేశారు?" అని డాక్టరు డ్రైవరు వైపు వేలు చూపించబోయాడు. డ్రైవరు అప్పటికే సీట్లోంచి దిగి చేతులు కట్టుకుని ముందుకు వస్తున్నాడు. అన్నీ ఒప్పేసుకునే మనిషి, ఆగమంటే ఆగడు. అందుకని నేనే ముందు మాట్లాడాను.

"క్రిస్మస్ ఆరాధన నాడు ఈ బండిని చూసి, అందరూ ఇలా ఉంచుకోవాలని సభలో మెచ్చుకున్నది మీరే కదండీ సెక్రటరీగారూ. డ్రైవరుగారు ఆ మాట ఇంకా చెప్పుకుంటున్నారు."

సెక్రటరీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "నడుస్తున్న బండిని కండెమ్ చెయ్యలేం డాక్టరుగారూ. జీపు వేరే ఆసుపత్రికి ఇద్దాం. ఈయన చూసుకుంటాడుగా" అన్నాడు.

ఆయన కాఫీకి వెళ్లాక డాక్టరు నా దగ్గరికి వచ్చి, పళ్లు కొరికి, "ఇంకో పదేళ్లు ఈ తుక్కులోనే ఊరేగు" అన్నాడు.

"పెట్టెలు ఎక్కించమంటారా సార్, ఆలస్యమైంది" అన్నాను.

కొండల దిగువకి చేరేసరికి ఎండ ముదిరింది. ఆ వారం మేం రామని ఎవరో చెప్పారట, సగం మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకి మాత్రలిచ్చాను. వెళ్లినవాళ్ల మాత్రలు వాళ్ల ఊరి మనుషులకి, ఒక్కొక్కరి చేత పేరు చెప్పించుకుని, అప్పగించాను. అరచేతులు చూశాను, కడిగాను, అరిచాను. పెట్టెలు సర్ది బండెక్కాను.

ఎక్కగానే అలవాటుగా అందరూ వెనక్కి చేరారు. అద్దంలో తలలు కనిపిస్తున్నాయి.

"అక్కర్లేదు, చేతులు తియ్యండి!" అని అరిచాను.

"అలాగే అంటాది" అంది ఒకావిడ. "తరవాత మనమే తొయ్యాల."

డ్రైవరు నొక్కాడు. బండి లేచింది. వెనక ఎవరూ రేకు వదల్లేదు. మాట పడని ఆ ముసలాయన నడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వొకసారి అయితే అయింది. ఆపి మల్లీ కొట్టించు, సూద్దాం."

"వద్దమ్మా, లేచింది కదా, ఎల్లిపోదాం" అని డ్రైవరు గొణిగాడు. మళ్లీ లేవకపోతే అన్ని చేతులూ ఆ రేకు మీదికే పోతాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నమ్మకపోతే వచ్చే లక్ష్మివారం వీళ్లు రారు.

"ఆపండి" అన్నాను.

ఆపాడు. కొండ మీంచి గాలి చప్పుడు వినిపించింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ లేచింది.

ముసలాయన వెనక్కి వెళ్లి, రేకు మీద ఇంకా చేతులు వేసి ఉన్నవాళ్లని భుజం పట్టుకుని ఒక్కొక్కరినీ పక్కకి లాగాడు. వాళ్లు బండి ముందుకు వచ్చి, తిరుగుతున్న ఆ ఇంజనుని చూస్తూ రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయారు, తప్పుకోరు. డ్రైవరు హారన్ నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. హారను బోల్టుల కింద కూడా రంగు వేసే ఉంటాడు.

నేను కిటికీలోంచి తల బయట పెట్టి "తప్పుకోండీ!" అని కేక వేశాను. అక్కడి నుంచి చోడవరం దాకా, దారిలో తగిలిన ప్రతి మేకకీ, ప్రతి సైకిలుకీ, ప్రతి చెరకు బండికీ నా గొంతే హారను.